కొనేముందు కొలవండి

మన ఊళ్ళల్లో కంప్యూటర్‌కి వచ్చే జబ్బులు ఎన్నున్నా వైద్యాలు మాత్రం రెండే. ఒకటి ఫార్మాట్ కొట్టడం. రెండోది, దానికీ తగ్గకపోతే పార్టు మార్చడం. ఈ రెండిటికంటే ముందు "అసలేమైందో చూద్దాం" అనే మెట్టు ఒకటుంటుందని ఎవరికీ గుర్తుండదు. (కలనయంత్రం అని రాద్దామనుకున్నా గానీ, అలా రాస్తే మా తమ్ముడికే అర్థం కాదు. అంచేత కంప్యూటర్ అనే రాస్తున్నా.)

గేములాడే కంప్యూటర్ల విషయంలో ఈ పిచ్చి మరీ ఎక్కువ. ఆఫీసు పని చేసుకునే డబ్బా కాస్త నెమ్మదిస్తే రెండు నెలలకి గాని తెలీదు. గేమ్ ఆడే మెషీన్ అలా కాదు, ఆ క్షణంలోనే దొరికిపోతుంది. సెకనుకి 60 బొమ్మలు గీయాలంటే ఒక్కో బొమ్మకి దొరికే టైము 16.7 మిల్లీసెకన్లు. అదే 144 హెర్ట్జ్ మానిటర్ పెట్టుకుని, దానికి తగ్గట్టు గీయించాలంటే 7 మిల్లీసెకన్లు కూడా ఉండదు. ఆ గడువులోపు ప్రాసెసర్, మెమరీ, గ్రాఫిక్స్ కార్డు, డ్రైవరు, విండోస్ అందరూ తమ తమ పని ముగించాలి. ఒక్కడు ఆలస్యం చేసినా బొమ్మ ఆగుతుంది. ఎవడు ఆలస్యం చేశాడో మాత్రం బొమ్మలో కనపడదు. సరిగ్గా అక్కడే మొదలవుతుంది కథ.

మా బాబాయి వాళ్ళుండేది విజయవాడలో. 2021లో తమ్ముడు ఇంటర్లో చేరినప్పుడు, చీటీ పాట పాడి మరీ వాడికో కంప్యూటర్ కొనిచ్చాడు బాబాయి. లక్షా డెబ్బై వేలు. రైజెన్ 7 5800ఎక్స్ ప్రాసెసరు, ఆర్టీఎక్స్ 3070 కార్డు, 32 జీబీ మెమరీ, ప్రాసెసర్‌కి నీళ్ళతో చల్లబరిచే కూలరు. ఆ డబ్బులో సగం దాకా గ్రాఫిక్స్ కార్డే మింగేసింది. ఆ రోజులు గుర్తున్నాయా? 2020లో 3070ని విడుదల చేసినప్పుడు కంపెనీ చెప్పిన ధర 499 డాలర్లు. ఆ ధరకి బజార్లో దొరికితే ఒట్టు. ఒకపక్క చిప్‌ల కొరత, ఇంకోపక్క ఎథీరియం తవ్వేవాళ్ళు కార్డుల్ని గంపగుత్తగా ఎత్తుకుపోయారు. 2022 సెప్టెంబరులో ఎథీరియం ఆ పద్ధతికి స్వస్తి చెప్పేదాకా ఆ వేలంవెర్రి పూర్తిగా తగ్గలేదు. వెరసి, బాబాయి దృష్టిలో ఆ కార్డు అంటే ఇంట్లో ఉన్న బంగారంతో సమానం.

తమ్ముడు దాని మీద గేములు ఆడతాడు, నిజమే. కానీ బ్లెండర్‌లో యానిమేషన్ కూడా నేర్చుకుంటున్నాడు. ఇప్పుడు బీటెక్ మూడో సంవత్సరం. కాలేజీ ప్రాజెక్టు కూడా దాని మీదే.

ఇలా ఉండగా ఈమధ్య ఒక రోజు హఠాత్తుగా జీటీఏ ఫైవ్ నత్తనడక మొదలెట్టింది. ముందు రోజు దాకా సెకనుకి 110 ఫ్రేములు ఇచ్చిన మెషీన్, మొదటి నిమిషం బాగానే ఆడి తర్వాత 27కి పడిపోయింది. మళ్ళీ ఆపి కాసేపాగి మొదలెడితే మళ్ళీ ఒక్క నిమిషం బాగుంటుంది, మళ్ళీ అదే తంతు. బ్రౌజరు, వర్డు లాంటివి మాత్రం బానే నడుస్తున్నాయి.

డబ్బాని దుకాణానికి పట్టుకెళ్ళారు. (ఏ దుకాణం అన్నది అనవసరం, ఎక్కడికెళ్ళినా ఇదే జరిగేది.) వాళ్ళు శాస్త్రోక్తంగా ముందు ఫార్మాట్ కొట్టారు. ప్రాజెక్టు ఫైళ్ళు గూగుల్ డ్రైవ్‌లో ఉండబట్టి బతికిపోయాడు గానీ, నాలుగేళ్ళ గేమ్ సేవులన్నీ గాల్లో కలిశాయి. అయినా జబ్బు తగ్గలేదు. అప్పుడు టాస్క్ మేనేజర్ తెరిచి తీర్పు చెప్పారు: "చూడండి, జీపీయూ 30 శాతమే పని చేస్తోంది. కార్డు వీకైపోయింది. పాతది మాకిచ్చేస్తే పదిహేను వేలు తగ్గిస్తాం, పైన యాభై ఐదు వేలు పెట్టుకుంటే కొత్తది వేస్తాం". బాబాయి ఐదు వేలు అడ్వాన్సు కూడా ఇచ్చి, డబ్బాని ఇంటికి తెచ్చుకుని, కొత్త కార్డు వచ్చాక ఫోన్ చేస్తారని ఎదురుచూస్తున్నాడు.

డబ్బు సంగతి అటుంచండి. ఇంట్లో అసలు గొడవ వేరే. "రాత్రింబవళ్ళు ఆటలాడి తగలేశాడు" అని బాబాయి నిశ్చయించేశాడు. తమ్ముడు మాట్లాడ్డం మానేశాడు. వాడు చేసే యానిమేషన్ కూడా ఆటే అనుకుంటాడు బాబాయి, తెర మీద బొమ్మలు కదిలితే అది ఆటే కదా మరి. "ఇంక కొనేది లేదు, ఉన్నది అమ్మేసి ఒక లాప్‌టాప్ కొనిపారేస్తా" దాకా వచ్చింది వ్యవహారం. పిన్ని నాకు ఫోన్ చేసింది, "నువ్వే ఏదో ఒకటి చెప్పరా వీళ్ళకి" అని. సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ అంటే మనవాళ్ళ దృష్టిలో ప్రింటర్ నుంచి ఇన్వర్టర్ దాకా అన్నీ బాగుచేసేవాడు కదా :)

"బాబాయ్, రెండ్రోజులు ఆగు. కార్డు ఎక్కడికీ పారిపోదు" అన్నాను. హైదరాబాద్ నుంచే, ఫోన్లో, స్క్రీన్ షేరింగ్‌లో చూడటం మొదలెట్టాం.

ఇలాంటప్పుడు వేసుకోవాల్సిన మొదటి ప్రశ్న, "ఏం మారింది?" నిన్న బాగుండి ఇవాళ బాలేదంటే మధ్యలో ఏదో మారినట్టే. సాఫ్ట్‌వేర్ మీద అనుమానం రావటంలో తప్పులేదు. నిజంగానే అలా జరిగిన సందర్భాలు బోలెడు. 2021 అక్టోబరులో విండోస్ 11 వచ్చిన కొత్తల్లో రైజెన్ ప్రాసెసర్ల ఎల్3 క్యాష్ నెమ్మదించి, కొన్ని గేముల్లో 10 నుంచి 15 శాతం దాకా వేగం పడిపోవచ్చని ఏఎండీనే ఒప్పుకుంది. అదే నెలలో అప్‌డేట్ ఇచ్చి సరిచేశారు. 2022 మార్చిలో మళ్ళీ, సెక్యూరిటీ కోసం పెట్టిన ఎఫ్‌టీపీఎం వల్ల రైజెన్ మెషీన్లు ఉండుండి ఓ క్షణం ఆగిపోతున్నాయని తేలింది. దానికి మందు బయోస్ అప్‌డేట్. 2025 అక్టోబరులో వచ్చిన విండోస్ 11 అప్‌డేట్ తర్వాత కొన్ని గేములు నెమ్మదించాయని ఎన్‌విడియా ప్రత్యేకంగా ఒక హాట్‌ఫిక్స్ డ్రైవర్ వదిలింది.

కానీ ఈ ఉదాహరణల్లో ఏదీ మావాడి లక్షణానికి సరిపోదు. 10 శాతం పోవటం వేరు, 110 నుంచి 27కి పడటం వేరు. పైగా "మొదటి నిమిషం బాగుంటుంది" అన్న మాట చాలా ముఖ్యం. సాఫ్ట్‌వేర్ లోపం సాధారణంగా నిమిషం పాటు మొహమాటపడి ఆ తర్వాత తన బుద్ధి చూపించదు. టైముతో పాటు పెరిగేది ఏదో ఉంది. అలాంటివి ముఖ్యంగా రెండు: ఒకటి మెమరీ నిండటం, రెండు వేడి. మెమరీ అయితే ఆట ఆపి మొదలెట్టగానే ఖాళీ అయిపోవాలి. కానీ వీడిది వెంటనే మొదలెడితే బాగోదు, కాసేపు ఆగితేనే బాగుంటుంది. ఆ "కాసేపు" చల్లారటానికే గాని ఇంకెందుకు?

అయినా సరే, అనుమానం వచ్చింది కదా అని దాని మీదకే దూకకుండా ఖర్చులేని పరీక్షలు ముందు చేసుకుంటూ పోయాం. అవన్నీ చెప్తాను, ఎవరికైనా పనికొస్తాయి.

మానిటర్ కేబుల్ ఎక్కడ పెట్టారు? డబ్బా దుకాణానికి వెళ్ళొచ్చాక చాలామంది కేబుల్ని గ్రాఫిక్స్ కార్డుకి బదులు మదర్‌బోర్డుకి పెడతారు. అప్పుడు కార్డు ఖాళీగా కూర్చుంటే ప్రాసెసర్లో ఉండే చిన్న గ్రాఫిక్సే గేమంతా మోయాల్సి రావచ్చు. మావాడి 5800ఎక్స్‌లో అసలు గ్రాఫిక్సే లేవు. కేబుల్ తప్పు చోట పెడితే తెర మీద ఏమీ రాదు. కాబట్టి ఇది కాదు.

మెమరీ వేగం ఎంత? కరెంటు పోయి వచ్చినప్పుడో, బయోస్ అప్‌డేట్ అయినప్పుడో సెట్టింగులు మొదటికొచ్చి, 3200 మీద నడవాల్సిన మెమరీ 2133 మీదో 2400 మీదో నడుస్తుంటుంది. టాస్క్ మేనేజర్లో మెమరీ దగ్గర చూస్తే తెలిసిపోతుంది. వీడిది 3200 అనే చూపించింది. ఇదీ కాదు.

ఇంక అసలైన పరీక్ష. గేములో రిజల్యూషన్ తగ్గించమన్నాను, 1440 నుంచి 720కి. ఫ్రేములు 27 నుంచి 28 అయ్యాయి. అంతే! ఈ ఒక్క అంకెతో కార్డు చాలావరకు నిర్దోషి అని తేలిపోయింది. ఎలాగో చెప్తాను.

పెళ్ళి భోజనాల బంతి ఊహించుకోండి. వంటశాల నుంచి సాంబారు బకెట్లు మోసుకొచ్చేవాడు ఒకడు. బంతిలో వడ్డించేవాడు ఇంకొకడు. గేములో ప్రాసెసరు మోసేవాడు. ఏ కారు ఎక్కడుంది, ఎవడు ఎటు పరిగెడుతున్నాడు, ఏమేం గీయాలి అని లెక్కకట్టి పంపేది అదే. గ్రాఫిక్స్ కార్డు వడ్డించేవాడు, వచ్చినదాన్ని చుక్కచుక్కగా తెర మీద వేసేది అది. రిజల్యూషన్ తగ్గించటం అంటే బంతిలో విస్తళ్ళు తగ్గించటం. వడ్డించేవాడి పని పావు వంతు అయింది, మోసేవాడి పని మాత్రం దాదాపు అంతే ఉంది. విస్తళ్ళు తగ్గించినా బంతి త్వరగా లేవలేదంటే ఆలస్యం వడ్డనలో లేదు, బకెట్ రావటంలో ఉంది.

ఇప్పుడు దుకాణంవాళ్ళ మాట గుర్తుచేసుకోండి. "జీపీయూ 30 శాతమే పని చేస్తోంది, కాబట్టి కార్డు పోయింది." అంకె నిజమే. దానర్థమే తలకిందులైంది. వడ్డించేవాడు గరిట పట్టుకుని ఖాళీగా నిలబడ్డాడంటే వాడికి ఒంట్లో బాలేదని కాదు, బకెట్ రాలేదని. కార్డు నిజంగా నీరసపడి ఉంటే అది 98, 99 శాతం కష్టపడుతూ కూడా తక్కువ ఫ్రేములిస్తూ ఉండాలి. కార్డు మీద ఎక్కువ శాతం ఉండటమే ఆరోగ్యం. తక్కువ ఉంటే అది వేరేవాడి కోసం ఎదురుచూస్తోందని. (ఫ్రేములకి మనమే పరిమితి పెట్టుకున్నప్పుడు సంగతి వేరు.) ఇంత చిన్న విషయానికి యాభై ఐదు వేలు!

సరే, మోసేవాడికి ఏమైంది? హెచ్‌డబ్ల్యూ ఇన్ఫో అని ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్ ఒకటుంది. అది పెట్టించి గేమ్ మొదలెట్టమన్నాను. మొదట్లో ప్రాసెసర్ 4.5 గిగాహెర్ట్జ్ దగ్గర పరిగెడుతోంది. వేడి 70, 80, 86... 90 తాకింది. అక్కడ్నుంచి వేడి పెరగలేదు, వేగం దిగటం మొదలెట్టింది. 3, 2, చివరికి ఒకటిన్నర దగ్గర తచ్చాడుతోంది. కార్డు చూస్తే 52 డిగ్రీల దగ్గర హాయిగా నిద్రపోతోంది.

5800ఎక్స్‌కి కంపెనీ పెట్టిన వేడి హద్దు 90 డిగ్రీలు. ఆ గీత దగ్గరికొస్తే అది తన వోల్టేజీని, వేగాన్ని తనే తగ్గించుకుంటుంది. చిప్ తాగే కరెంటు వోల్టేజీ వర్గాన్ని బట్టి, వేగాన్ని బట్టి ఉంటుంది కాబట్టి రెండూ కలిపి తగ్గిస్తే వేడి బాగా దిగుతుంది. చాలామంది దీన్ని లోపం అనుకుంటారు గానీ ఇది వరం. 2001లో టామ్స్ హార్డ్‌వేర్ వాళ్ళు నడుస్తున్న మెషీన్ల మీద హీట్‌సింకులు పీకేసి వీడియో తీశారు. పెంటియం 4 నెమ్మదించి బతికింది, ఆనాటి అథ్లాన్ పొగ కక్కి చచ్చింది. అప్పట్లో ఆ వీడియో తెగ తిరిగింది. ఇవాళ్టి ప్రాసెసర్లన్నీ బతకటం నేర్చుకున్నాయి. నెమ్మదించటం అనేది చావు కాదు, "నాకు ఊపిరాడట్లేదు" అని చెప్పటం.

ఊపిరి ఎందుకాడట్లేదు? బెజవాడ ఎండల సంగతి తెలిసిందే, బ్లేజ్‌వాడ అని ఊరికే అనలేదు. ఇలాంటి మామూలు కూలరేదీ గది వేడి కన్నా చల్లగా చెయ్యలేదు. గది 24 డిగ్రీలుంటే ప్రాసెసర్ 70 దగ్గర ఉండేది, గది 38కి వెళ్తే తేలిగ్గా 84కి వెళ్తుంది. కానీ నాలుగు వేసవులు గడిచినా ఎప్పుడూ ఇలా కాలేదు. దుమ్ము అనుకుందామా, దుమ్ము ఒక్క రోజులో పేరుకోదు. హఠాత్తుగా అయిందంటే ఏదో ఆగిపోయి ఉండాలి.

చివరి ఆధారం దొరికింది కంప్యూటర్ గురించి ఏమీ తెలీదనుకునే పిన్ని దగ్గర. "ఆ డబ్బా హోరుకి హాల్లో సీరియల్ మాటలు వినపడట్లేదురా" అంది. "పిన్నీ, పైన ఫ్యాన్ల దగ్గర చెయ్యి పెట్టి చూడు, గాలి ఎలా వస్తోంది?" అన్నాను. "చల్లగానే వస్తోంది కదరా, ఏసీలాగా" అంది.

అదీ సంగతి! లోపల చిప్ 90 డిగ్రీల దగ్గర ఉడికిపోతోంది. ఫ్యాన్లు గొంతు చించుకుంటున్నాయి. కానీ బయటికొచ్చే గాలి చల్లగా ఉంది. అంటే వేడి రేడియేటర్ దాకా రావట్లేదు. నీళ్ళ కూలర్లో చిప్ మీద ఒక రాగి పలక, దాని మీద చిన్న పంపు, అక్కడ్నుంచి రెండు గొట్టాలు రేడియేటర్‌కి వెళ్తాయి. నీళ్ళు తిరిగితేనే వేడి కదులుతుంది. పంపు ఆగితే అది కూలర్ కాదు, చిప్ నెత్తిన పెట్టిన చెంబు. ఆ చెంబులో నీళ్ళు వేడెక్కేదాకా పట్టే టైమే ఆ "మొదటి నిమిషం".

హెచ్‌డబ్ల్యూ ఇన్ఫోలో చూస్తే పంపు వేగం సున్నా అని ఉంది. సున్నా అన్నంత మాత్రాన పంపు పోయిందని కాదు, వైరు ఊడినా సున్నాయే చూపిస్తుంది. డబ్బా ఆపించి, పక్క తలుపు తీయించి వీడియో కాల్లో చూశాం. వైరు గట్టిగానే ఉంది. మళ్ళీ ఆన్ చేసి, పంపు మీద వేలు ఆనించమంటే కొంచెం కూడా అదురు లేదన్నాడు. చిప్ దగ్గర గొట్టం మొదలు వేడిగా, రేడియేటర్ చల్లగా ఉంది.

ఇక్కడితో ఆగి కొత్త కూలర్ కొనెయ్యొచ్చు. కానీ అప్పుడు మనకీ దుకాణానికీ తేడా ఏముంది, మనదీ ఊహే కదా. తమ్ముడి ఫ్రెండొకడి దగ్గర పాత రైజెన్‌తో పాటు పెట్టెలో వచ్చిన చిన్న గాలి కూలర్ ఊరికే పడుంది. 65 వాట్ల ప్రాసెసర్ల కోసం చేసిన బుల్లి ముక్క అది. 5800ఎక్స్ పెట్టె మీద 105 వాట్లని రాసున్నా, మోతాదు పెరిగితే 142 దాకా తాగుతుంది. దీనికి అది చాలదని తెలుసు. కానీ పరీక్షకి చాలు. పాత పేస్టు తుడిచి, రెండొందల యాభై పెట్టి కొన్న కొత్త పేస్టు రాసి, అది బిగించాడు. ప్రాసెసర్ 90 దగ్గరే ఉంది గానీ వేగం 4 గిగాహెర్ట్జ్ దగ్గర నిలబడింది. ఫ్రేములు 95! సగం అరచేతి ఎత్తు కూడా లేని ముక్క ముందు, పంపు చచ్చిన ఖరీదైన కూలర్ అలా ఓడిపోయింది.

అప్పుడు కొన్నాం కొత్త కూలరు. నిలువెత్తు గాలి కూలర్, మూడు వేల రెండొందలు. గేమ్ ఆడుతుంటే 78 డిగ్రీలు, 4.5 గిగాహెర్ట్జ్, మళ్ళీ 110 ఫ్రేములు. కార్డు ఇప్పుడు 96 శాతం పని చేస్తోంది, బకెట్లు వస్తున్నాయి కాబట్టి. అన్నట్టు కూలర్ కొన్నది అదే దుకాణంలో. అడ్వాన్సులోంచి మినహాయించుకుని మిగతాది మర్యాదగా వెనక్కిచ్చాడు. బాబాయి తమ్ముడితో పెద్దగా ఏమీ అనలేదట. "ఆ పంపు ఆటలాడినా ఆడకపోయినా పోయేదేనంటగా" అన్నాడట అన్నం తింటూ. మా ఇంట్లో దాన్నే క్షమాపణ అంటారు.

దుకాణాన్ని తిట్టటానికి రాయలేదు ఇదంతా. ఒకసారి వాళ్ళ వైపు నుంచి ఆలోచించండి. నేను చెప్పిన పరీక్షలన్నిటికీ వెరసి నాలుగు గంటలు పట్టింది. ఆ నాలుగు గంటలకి దుకాణంవాడికి మనం ఎంత ఇస్తాం? "చూడ్డానికి కూడా డబ్బులా?" అని దెబ్బలాడతాం. డాక్టర్‌కి ఫీజు ఇస్తాం, మందుల షాపువాడికి ఇవ్వం. కంప్యూటర్ బాగుచేసేవాణ్ణి మందుల షాపువాడిగా చూస్తూ డాక్టర్ పని చెయ్యమంటున్నాం. వస్తువు అమ్మితేనే వాడికి బతుకు. కాబట్టి ప్రతి జబ్బుకీ మందు ఒక వస్తువే అవుతుంది. ఐదొందలో వెయ్యో "పరీక్ష ఫీజు" విడిగా ఇచ్చి, "ఏం కొలిచారో, ఎంత వచ్చిందో కాగితం మీద రాసివ్వండి" అని అడిగే అలవాటు మనకొస్తే, యాభై వేల తీర్పులు చాలావరకు తగ్గుతాయని నా అభిప్రాయం.

ఇంకో కారణం మన చదువుల్లో ఉంది. మన ఇంజనీరింగ్ ల్యాబుల్లో గ్రాఫు ముందు గీస్తారు, దానికి తగ్గ రీడింగులు తర్వాత రాస్తారు. సీనియర్ల రికార్డు ఉండగా మీటర్ వైపు చూసేదెవరు? అలా నాలుగేళ్ళు చదివినవాడికి అంకె అంటే రికార్డు నింపేదే గాని, ఏదో చెప్తుందని నమ్మకం ఎలా కుదురుతుంది? ఆఫీసుల్లో చూడండి. సర్వర్ నెమ్మదిస్తే "రీస్టార్ట్ చెయ్", తగ్గకపోతే "ఇంకో సర్వర్ పెట్టు". ఫార్మాట్ కొట్టు, పార్టు మార్చు... అదే మంత్రం, ఖర్చు ఇంకాస్త పెద్దది.

అన్నిటికన్నా నాకు నచ్చనిది ఇంకొకటుంది. కారణం కొలవనప్పుడు మనుషులు కారణం ఖాళీగా ఉంచరు, దగ్గర్లో ఉన్నవాడి మీద పెట్టేస్తారు. మా తమ్ముడి విషయంలో జరిగిందదే. యంత్రానికి ఏమైందో తెలీలేదు, అంచేత పిల్లాడికి ఏదో అయిందని తేల్చేశారు. పది రోజులు వాడు ఆ ఇంట్లో దోషిలా తిరిగాడు. యాభై ఐదు వేలు మిగిలాయి అన్నది లెక్కే గానీ, నా దృష్టిలో ఆ పది రోజుల ఖరీదు అంతకన్నా ఎక్కువే.

నీళ్ళ కూలర్లు కొనొద్దని కూడా చెప్పట్లేదు. కాకపోతే ఒక్కటి గుర్తుపెట్టుకోండి. గాలి కూలర్లో ఆగిపోయేది ఫ్యాన్ ఒక్కటే, ఆగితే కంటికి కనపడుతుంది. నీళ్ళ కూలర్లో పంపు లోపల ఉంటుంది, చడీచప్పుడు లేకుండా పోతుంది. పైగా గొట్టాల గోడల గుండా ఏళ్ళ తరబడి నీరు కొద్దికొద్దిగా ఆవిరైపోతుంటుంది. దానికీ ఆయుష్షు ఉంటుందని తెలిసి కొనుక్కుంటే గొడవలేదు.

చివరిగా ఒక పని చెప్తాను. మీ కంప్యూటర్ ఇవాళ బాగుంటే, ఇవాళే కొలవండి. ఎప్పుడూ ఆడే గేమ్ ఒకటి పావుగంట ఆడి ఆరు అంకెలు రాసుకోండి: ఫ్రేములు ఎన్ని, ప్రాసెసర్ వేడి, ప్రాసెసర్ వేగం, కార్డు వేడి, కార్డు ఎంత శాతం పని చేస్తోంది, మెమరీ వేగం. పక్కన తేదీ, గదిలో సుమారు ఎంత వేడుందో రాయండి. ఆ కాగితం క్యాబినెట్ లోపలి తలుపుకి అతికించండి. డాక్టర్ దగ్గరికెళ్తే "పాత రిపోర్టులున్నాయా?" అని ఎందుకడుగుతాడు? ఇవాళ్టి అంకె ఒక్కటే చూస్తే ఏమీ తెలీదు కాబట్టి. జబ్బు చేసిన రోజున ఆరు అంకెల్లో ఏది మారిందో చూస్తే, సగం వైద్యం అయిపోయినట్టే. ఆ కాగితం ముందుంటే ఏ దుకాణంవాడూ "కార్డు వీకైంది" అని ఊరికే అనలేడు, ఇంట్లోవాళ్ళు కూడా పిల్లల మీద పడిపోరు. ఏమంటారు?